పింజర, తాబేలు, మా అన్న

రక్తపింజరనూ నక్షత్ర తాబేళ్లనూ ఒకే గదిలో పెడతానంటే మొదట మేనేజరు నవ్వాడు. తర్వాత మా అన్న నవ్వాడు. మేనేజరు నవ్వును నేను లెక్కచేయలేదు. ఆయనకు పాములంటే జనాన్ని రప్పించే సరుకు, అంతే. మా అన్న నవ్వు మాత్రం ఒళ్లు మండించింది. ఎందుకంటే ఆయనకు పాములు తెలుసు. తెలిసీ నవ్వాడు.

ఎమ్మిగనూరు దాటి ఆదోని రోడ్డు మీద కాస్త దూరం వస్తే ఒక ట్రస్టు వాళ్లు పెట్టిన పార్కు ఉంది. ముందువైపు ఉయ్యాలలు, బొమ్మరైలు. వెనకవైపు పాముల ఇల్లు. అటవీశాఖ అనుమతితో పెట్టిన ఆ పాముల ఇంటికి నేను సంరక్షకురాలిని. అంతకుముందు చాలా ఏళ్లు వేరే రాష్ట్రంలో ఒక పాముల పార్కులో పనిచేశాను. విషప్పాములను సాకడం, అవి బతకడానికీ జనం చూడడానికీ అనువైన గదుల నమూనాలు గీయడం అక్కడే నేర్చుకున్నాను. నా భర్తకు ఎమ్మిగనూరు బడిలో పంతులుద్యోగం రావడంతో ఇటు వచ్చేశాం.

ఊరు నన్ను ఎలా ఆదరించిందో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. మేం అద్దెకు దిగిన ఇంటి యజమానురాలు నా పనేమిటో తెలిసిన రోజే గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"పాముల్ని ముట్టిన చేతుల్తో మా బోరింగు కొడతాండావామ్మా ఇన్ని దినాలు?"

"చేతులు సబ్బుతో కడుక్కునే వస్తానమ్మా."

"సబ్బుకు పోయేదా అది? వేరే ఇల్లు చూసుకోండి."

చూసుకున్నాం. రెండో ఇంట్లో నా పని గురించి మేం నోరు మెదపలేదు. అయినా వాసన పట్టినట్టు పక్కింటివాళ్లు నన్ను చూడగానే పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్లు.

మా పుట్టిల్లు ఆదోని. నాన్న ఒక జిన్నింగు మిల్లులో కాపలాదారుగా ఉండేవాడు. అన్న పదో తరగతి తప్పి, ఆ మిల్లు చుట్టూ తిరుగుతూ పత్తి బోరాల సందుల్లో దూరిన పాముల్ని పట్టడం మొదలుపెట్టాడు. పెద్దయ్యేసరికి కోడుమూరు, గూడూరు నుంచి కూడా ఆయనకు ఫోన్లు వచ్చేవి. కొక్కెం పట్టడు, కర్ర పట్టడు. ఉత్త చేత్తో తోక పట్టుకుని లేపుతాడు. చుట్టూ జనం చేరి వీడియోలు తీస్తారు. కుడిచేతి చూపుడువేలు సగమే ఉంది, ఒక నాగుపాము చలవ. ఆ సగం వేలును అందరికీ బహుమతిలా చూపించేవాడు.

పార్కువాళ్లు పాముల్ని సాకడానికి నన్ను, చూపించడానికి ఆయన్ను పెట్టుకున్నారు.

మొదటి రోజు నేను పొడవాటి కొక్కెంతో కట్లపామును డబ్బాలోకి దించుతుంటే ఆయన తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమే, పాముకు గూడా బీయస్సీ సదివిస్తాండావా?"

"పక్కకు జరుగన్నా. దానికి దారి కావాల."

"నన్నే జరగమంటాండావా నువ్వు?"

జరగలేదు. నేనే చుట్టు తిరిగి పోయాను. ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే మిగిలాయి. వాటిలో కూడా సగం ఆయన వేరేవాళ్లతో మాట్లాడుతూ నాకు వినిపించేవే.

తాబేళ్ల సంగతి చెప్పాలి. రక్తపింజర ఒక్కటే ఉన్న గది ముందు జనం నిలబడరు. అది ఎండుటాకుల మధ్య ఎండుటాకులా పడుంటుంది, గంటల తరబడి కదలదు. పాము కనిపించలేదని జనం గాజును బాదుతారు. బాదితే అది కుక్కరులా బుసకొట్టి, గాజుకు మూతి గుద్దుకుని, ఆ పుండుతో తిండి మానేస్తుంది. అదే గదిలో తాబేలు నడుస్తూ ఉంటే జనం దాన్ని చూస్తూ ఆగుతారు. ఆగినవాళ్ల కంటికి మెల్లగా పాము ఆనుతుంది. ఇక ఎవరూ బాదరు. ఎదిగిన తాబేలు పింజర నోటికి పట్టదు. పింజరతో తాబేలుకు పనిలేదు. రెండూ మన మెట్టపొలాల్లో ఒకే కంచె కింద, ఒకే ఎండకు బతికే ప్రాణులు. నేను పనిచేసిన చోట ఇలాంటి గదులు చూశాను, ఒకటి స్వయంగా గీశాను కూడా.

ఇందులో ప్రమాదం లేకపోలేదు. తాబేలు పేగుల్లో ఒక సూక్ష్మజీవి దానికి ఏ కీడూ చేయకుండా ఉండవచ్చు. అదే పాముకు సోకితే పేగులు కుళ్లి చస్తుంది. అందుకే అటవీశాఖవాళ్లు అప్పగించిన తాబేళ్లను నెలల తరబడి విడిగా ఉంచాను. వాటి మలాన్ని మళ్లీ మళ్లీ పరీక్షకు పంపాను. మా అన్న దీన్ని పార్కు అంతా తిరిగి చెప్పాడు.

"తాబేలు దొడ్డికి పోయేది గూడా మా సెల్లెలు దుర్బిణీ పెట్టి సూడాలంట!"

టికెట్లు చింపేవాడి నుంచి మేనేజరు దాకా అందరూ నవ్వారు. నేను మా అన్న మొహంలోకి చూశాను. ఆయన చూపు తిప్పుకోలేదు. నన్ను నవ్వులపాలు చేయడం ఆయనకు నిజంగానే బాగుందని ఆ రోజు అర్థమైంది.

గది కట్టించాను. క్వారీలో పారేసిన గుండ్లు తెప్పించి ఒకదానిమీద ఒకటి ఒరిగేట్టు పెట్టించాను, మా ఆదోని కొండల్లో ఉన్నట్టే. బోద గడ్డి, కలే పొదలు, ఎర్రమన్ను. ఒకవైపు ఎండలా వెచ్చగా కాసే ఎండదీపం, ఇంకోవైపు నీడ. తాబేళ్లు దిగి నీళ్లు తాగడానికి లోతులేని బండ తొట్టి. అన్నిటికంటే ముఖ్యమైనది జనానికి కనిపించదు. వెనకగోడకు ఒక చిన్న అర. పాములకు తిండి పెట్టేది అందులోనే. మనిషి గదిలోకి దిగాలంటే ముందు పాముల్ని ఆ అరలోకి తోలి, బయటినుంచే పలక దించేయాలి. తలుపుకు ఒక చిన్న కిటికీ. గదిలో ఉన్నవి మూడు పింజరలు. మూడూ కంటికి కనిపించి, అరలోకి పోయాకే తలుపు తీయాలి. ఈ నియమాన్ని తలుపు మీద నేనే ఎర్రరంగుతో రాశాను.

"పాముకు బెడ్రూమా?" అన్నాడు అన్న ఆ అరను చూసి. తర్వాత చూడవచ్చినవాళ్లతో, "మా సెల్లెలు పాముల్ని దాపెట్టేకి కట్టింది, సూపించేకి కాదు" అనడం మొదలుపెట్టాడు.

కానీ జనం ఆగారు. గాజు ముందు పిల్లలు ముక్కు ఆనించి తాబేలు వెంట చూపు నడిపించి, ఉన్నట్టుండి "అద్దో, అద్దో పెంజెర!" అని అరిచేవాళ్లు. పాములు మూతి గుద్దుకోవడం మానేశాయి. తిండి తిన్నాయి. నా మాట నెగ్గింది. అన్న ఉత్త చేత్తో చేసే పాముల ఆటకు జనం పలచబడ్డారు. ఆయన నాతో అవసరమైన మాటలు కూడా మానేశాడు.

నాగుల చవితి దగ్గరపడింది. మేనేజరు నన్ను తన గదికి పిలిపించాడు.

"చవితికి ఆడోళ్లంతా వస్తారమ్మా. నువ్వు కట్టించిన పెద్ద గాజుగదిలో నాగుపాము లేకపోతే ఎట్ల?"

"నాగుపాము వేరే గదిలో ఉంది కదా సారూ. ఆడనే చూస్తారు."

"అది చిన్నది. పెద్దదాంట్లో వదులు. ఒక్క దినానికే."

"నాగుపాము పాముల్ని తింటాది సారూ. పింజరల్ని కూడా."

"కడుపునిండా పెట్టి వదిలితే తింటాదా?"

"ఆకలికే తినదు. ఎదురుపడితే తింటాది. నేను వదలను."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నీకు అన్నిటికీ కష్టాలేమ్మా. మీ అన్నను అడిగితే క్షణంలో అయితాది."

"అడగండి. ఆ గది తాళం మాత్రం నా దగ్గరుంటాది" అని వచ్చేశాను. రెండో తాళంచెవి ఒకటి ఆయన బల్లలో ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

చవితి రోజు పొద్దున జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. గాజు కింద పాలగిన్నెలు, పసుపు, పూలు. నేను వెనకగదిలో కొత్తగా వచ్చిన జెర్రిపోతు ఒంటికి పట్టిన పురుగులు తీస్తున్నాను. ఉన్నట్టుండి ఈలలు వినిపించాయి. ఈలలు వేసే చోటు కాదది. పామును డబ్బాలో పెట్టి మూత బిగించి, పరుగెత్తాను.

గాజుగదిలో మా అన్న ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి. సంచి కదులుతోంది.

తలుపు కిటికీలోంచి చూశాను. అరకు పలక దించలేదు. ఎండదీపం కింద ఒక పింజర, పొద మొదట్లో చిన్న మగపింజర. మూడోది కనపడలేదు. అది ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ఆ వేళప్పుడు తాబేళ్ల నీటితొట్టి పక్కన, గుండు అంచు కింద చల్లటి మన్నులో చుట్టుకుని ఉంటుంది. అన్న సరిగ్గా ఆ తొట్టికి వీపు పెట్టి గొంతుక్కూర్చున్నాడు.

తలుపు రెక్క కాస్త తెరిచి, గొంతు పెంచకుండా చెప్పాను.

"అన్నా, కదలాకు. మూడోది నీ ఎనకాలే ఉంది. ఆ గుండు కింద."

ఆయన నావైపు తిరగలేదు. గాజు అవతలి జనంవైపు చూసి, నన్ను బొటనవేలితో చూపించి నవ్వాడు. మాటలు వాళ్లకు వినపడవు. నాకు వినపడ్డాయి.

"దీనికి బయం."

సంచి మూతి విప్పాడు. నాగుపాము బయటికొచ్చి పడగ విప్పింది. ఆడవాళ్లు దండాలు పెట్టారు. పడగ బాగా కనిపించాలని అన్న లేచి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. మడమ గుండు అంచుకు తగిలింది. పింజర కొట్టడం నేను చూశాను. రెప్పపాటు కూడా పట్టలేదు. కరిచి మళ్లీ చుట్టలోకి పోయింది.

ఆయనకు తెలిసింది. దవడ బిగుసుకోవడం నాకు కనిపించింది. కానీ నవ్వు చెదరనివ్వలేదు. రెండు చేతులూ పైకెత్తి జనానికి దండం పెట్టాడు. ఈలలు, చప్పట్లు. నింపాదిగా నడిచి తలుపు దాటి, నేను గడియ వేశాక, గోడకు ఆనుకుని కూలబడ్డాడు. చీలమండ పైన రెండు గాట్లలోంచి నెత్తురు కారుతోంది.

"గీసుకున్యాది. ఏం కాలే."

"పింజర కరిసింది నిన్ను. నేను చూసినా."

"గట్టిగా మాట్లాడాకు. జనం ఇంటారు."

కాలు కదపనివ్వకుండా ఇద్దరు మనుషుల సాయంతో మోయించి, మేనేజరు కారులో ఎమ్మిగనూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. దారిలోనే వాంతి చేసుకున్నాడు. చిగుళ్లలో నెత్తురు కనిపించింది. డాక్టరుకు ఏ పామో, ఎప్పుడు కరిచిందో, ఎక్కడ కరిచిందో నేనే చెప్పాను. విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టి, మూత్రపిండాలు దెబ్బతినవచ్చని కర్నూలుకు పంపారు. అంబులెన్సులో ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ప్రాణభయంతో అనుకున్నాను.

"సేన్లో కరిసిందని సెప్పు. కోడుమూరు కాడ, సెనక్కాయ సేన్లో."

"ఎందుకన్నా?"

"నా పేరు పోతాదే."

"డాక్టరుకు చెప్పేసినా. అన్నీ రాసుకున్యారు."

చెయ్యి వదిలేసి మొహం అటు తిప్పుకున్నాడు.

ఫోనులో మేనేజరుది కూడా అదే పాట. "పొలంలో కరిచిందని చెప్పమ్మా. పార్కులో అని తెలిస్తే అనుమతి పోతాది. నీ గదీ పోతాది."

"నాగుపామును తీసినారా బయటికి?" అని అడిగాను.

"జనం ఉండారు. చూద్దాంలే."

కర్నూలులో వదిన, అమ్మ వచ్చేదాకా ఉన్నాను. మర్నాడు పొద్దున్నే బయలుదేరి పార్కుకు వచ్చేసరికి గాజు ముందు ముందురోజు కంటే ఎక్కువమంది ఉన్నారు. అందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. తోసుకుంటూ ముందుకు పోయాను. నాగుపాము నోట్లోంచి చిన్న మగపింజర తోక వేలాడుతోంది. తల, నడుము అప్పటికే లోపలికి పోయాయి. తోక ఇంకా మెలి తిరుగుతోంది. రెండు తాబేళ్లు తొట్టి పక్కన తలలు లోపలికి లాక్కుని రాళ్లలా ఉన్నాయి.

మేనేజరు నా పక్కకొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"చూడమ్మా! జనం కదలడం లేదు. ఇదేదో ముందే పెట్టింటే బాగుండేది."

నేను ఆయనను ఏమన్నానో ఇక్కడ రాయను. నేను అంతవరకు ఎవరినీ అనని మాట అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లు నావైపు తిప్పారు.

మింగుతున్న పామును కదిలిస్తే కక్కేస్తుంది. చచ్చినది బతికి రాదు. అందుకని అది మింగేదాకా నిలబడ్డాను. తర్వాత మిగిలిన రెండు పింజరలను అరలోకి తోలి పలక దించి, నాగుపామును కొక్కెంతో డబ్బాలోకి ఎత్తి, నేరుగా అటవీశాఖ ఆఫీసుకు పోయాను. నిన్న ఏం జరిగిందో, ఎవరు గది తెరిచారో, ఎవరు తెరవమన్నారో, ఈ రోజు ఏం చూశానో చెప్పాను. మా అన్న అని కూడా చెప్పాను. అడిగిన అధికారి ఒక్క క్షణం కలం ఆపి నావైపు చూశాడు.

"సొంత అన్నేనా?"

"సొంత అన్నే."

వాళ్లు వచ్చి చూశారు. పాముల ఇల్లు మూయించారు. అన్న పని పోయింది, నా పనీ పోయింది. పాములనూ తాబేళ్లనూ వేరే చోటికి తరలించేటప్పుడు వాటిని పెట్టెల్లో సర్దింది నేనే. మేనేజరు ఒక్కసారి కూడా అటు రాలేదు. చివరి పెట్టె లారీ ఎక్కాక, నేను పెట్టించిన గుండ్లను గడ్డపారలతో దొర్లించడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ గదిలో కుందేళ్లు ఉన్నాయట. జనం గాజును బాదుతున్నారట.

అన్నకు కొన్ని వారాలు యంత్రంతో రక్తం శుద్ధి చేశారు. మూత్రపిండాలు మళ్లీ పనిచేశాయి కానీ పిక్క కండ కొంత పోయింది. ఆసుపత్రికి పోయిన ప్రతిసారీ వదిన వరండాలోనే ఆపేసేది.

"నీ మొగం సూస్తే ఆయప్పకు రక్తపోటు ఎక్కుతాది. పో."

ఇంటికి వచ్చాడని తెలిసి ఆదోని పోయాను. ఆయన నులకమంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. వదిన కూర్చోమనలేదు. అమ్మ వంటింటి గడప మీద నిలబడింది.

"కాలెట్లుందన్నా?"

ఆయన గోడవైపు చూస్తూ అన్నాడు. "పాము నా కాలు కరిసింది. నువ్వు నా కూడు కరిసినావు."

"నేను కదలొద్దని చెప్పినా. నువ్వు నవ్వినావు."

"నువ్వా బండ కింద దాపెట్టింటివి దాన్ని. గదంతా బయలుగా ఉంటే నాకు కనపడేది కాదా? పాము కొట్టలేదు నన్ను. నీ గది కొట్టింది."

"దాక్కునే చోటు లేకుంటే అది ఎప్పుడో చచ్చేది. అది దాక్కునే పామని నీకు తెల్దా? మిల్లుల్లో బోరాల కింద యెన్నిసార్లు పట్టింటావు?"

ఆయన బదులు అమ్మ అందుకుంది.

"ఒక కడుపున పుట్టినోన్ని ఆఫీసుకు పట్టిచ్చినావు కదే. అబద్ధమాడింటే నీ నోరు పడిపోయేదా?"

"ఇంకొకడు ఇట్లే ఆ గదిలోకి పోయి చస్తే అప్పుడేం చెప్పేది అమ్మా?"

"ఇంకొకడు మాకెందుకు?" అంది వదిన.

మంచినీళ్లు కూడా తాగకుండా బయటికొచ్చాను. ఎవరూ ఇవ్వలేదు. బస్టాండు దాకా నడిచాను. ఏడుపు రాలేదు, దారిలో రెండుసార్లు మాత్రం ఆగి వెనక్కి చూశాను. ఆయన మాటలకు కాదు. లేచి వస్తుంటే నులకమంచం కింద ఒక గుడ్డసంచి కనిపించింది. అది కదులుతోంది.

ఇప్పుడు నేను ఇంటి దగ్గరే కూర్చుని బయటి పార్కులకు గదుల నమూనాలు గీసి పంపుతున్నాను. మిశ్రమ గదులు అడుగుతున్నారు. పింజరతో తాబేలు, కొండచిలువ గదిలో ఏ పక్షి ఉండొచ్చు, ఏది ఉండకూడదు. ప్రతి నమూనాలోనూ గడియకు ఇంకో గడియ పెడుతున్నాను. పలక దించనిదే మనిషి తలుపు తెరుచుకోకుండా ఒకదానికొకటి ముడిపెట్టి గీస్తున్నాను. ఎవరి మంచితనాన్నీ తెలివినీ నమ్మే గది ఇక గీయను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాము దూరిందని నాకూ ఫోను చేస్తారు, ముఖ్యంగా అన్న ఎత్తనప్పుడు.

ఆమధ్య ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లువాళ్లు కంగారులో ఇద్దరికీ ఫోన్లు కొట్టారు. స్కూటరు ఆపి లోపలికి పోయేసరికి అన్న అప్పటికే పత్తి బోరాల ముందున్నాడు. కుంటుతున్నాడు. చుట్టూ కూలీలు, ఫోన్లు. బోరాల సందులో పింజర ఉంది, కుక్కరు కూతలాంటి ఆ బుస నాకు దూరానికే వినపడింది. నేను కూలీలను వెనక్కి జరిపి, కొక్కెం ఆయన పక్కన నేలమీద పెట్టాను. ఆయన దాన్ని కుంటికాలితోనే పక్కకు తోసేశాడు. వంగడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, మోకాలు సహకరించలేదు. మూడోసారి బోరాన్ని పట్టుకుని కిందికి దిగి, ఉత్త చేత్తో తోక పట్టి లాగాడు. పాము గాలిలో మెలి తిరిగి ఆయన మణికట్టుకు బెత్తెడు దూరంలో నోరు తెరిచింది. కూలీలు ఈలలు వేశారు.

సంచి మూతి ముడేస్తూ, పింజర కరిచాక మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

"ఏమే, ఆఫీసుకు పోవా?"

"పోతా" అన్నాను. "పట్టిన పామును వాళ్లకు అప్పజెప్పకుండా ఇంట్లో పెట్టుకుంటే, ఈ రోజే పోతా."

ఆయన నేలమీద ఉమ్మి, సంచిని భుజాన వేసుకుని గేటువైపు నడిచాడు. కూలీలు ఆయనకు దారిచ్చి, నన్ను చూసి గుసగుసలాడారు. నేను కొక్కెం తీసుకుని, పత్తి దుమ్ము దులిపి, స్కూటరు తిప్పుకుని అటవీశాఖ ఆఫీసు దారి పట్టాను.